సైకిల్ మీద 4 రాత్రులు: 9.85 కిలోల సామానులో ఏది తగ్గించాలి?

#1 తొలిమలుపు

అందరికీ నమస్కారం. ఇప్పటిదాకా చేసినవన్నీ ఒక రాత్రి ట్రిప్పులే, అవి కూడా గదుల్లో దిగి. ఈసారి 4 రాత్రులు బయటే పడుకుంటూ మట్టిదారుల్లో తిరిగి రావాలని ఉంది. దారిలో చాలా చోట్ల ఎత్తు ఎక్కాలి. రాత్రిపూట 5 డిగ్రీల దాకా దిగొచ్చు, ఒకటి రెండు రోజులు వాన కూడా పడొచ్చు. నా సైకిల్‌కి వెనక క్యారియర్ లేదు, బిగించుకోవడానికి బోల్టు రంధ్రాలూ లేవు. హ్యాండిల్ ముందు అడ్డంగా కట్టే హ్యాండిల్‌బార్ రోల్, ఫ్రేమ్ మధ్య ఖాళీలో పట్టే ఫ్రేమ్ బ్యాగ్, సీటు వెనక కట్టే 14 లీటర్ల సీట్ ప్యాక్ సమకూర్చుకున్నాను.

నిన్న ఒక్కో వస్తువునీ వంటింటి త్రాసు మీద పెట్టి తూచాను. ఇద్దరు పట్టే టెంట్ 2.4 కిలోలు. సింథటిక్ స్లీపింగ్ బ్యాగ్ 1.5. కింద పరుచుకునే, దానంతటదే గాలి పీల్చుకునే ప్యాడ్ 900 గ్రాములు. స్టవ్, గ్యాస్, గిన్నె కలిపి 750. బట్టలు 1.6 కిలోలు. పనిముట్లు, ట్యూబులు 900 గ్రాములు. ఫోన్, పవర్ బ్యాంక్, లైట్లు 600. నీళ్ళ ఫిల్టర్, మందులు, చిల్లర సామాను 300. మడత కుర్చీ 900. నీళ్ళు, తిండి కాకుండానే 9.85 కిలోలు.

అసలు బాధ బరువు కాదు, ఇవన్నీ ఆ మూడు బ్యాగుల్లో పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

#2 చిన్నగేరు

కుర్చీ తీసెయ్యండి అక్కా. దాని ఒక్క బరువులో నా టెంట్ మొత్తం వచ్చేస్తుంది.

#3 పాతచక్రం

తొలిమలుపు గారూ, తూచి రాశారు కాబట్టి చెప్పడం సులువైంది. పట్టడం లేదని చివర్లో ఒక మాట అన్నారు చూడండి, నేనైతే అక్కడి నుంచే మొదలుపెడతాను. నడిచేవాళ్ళ సలహాలు చదివి గ్రాముల లెక్కలోకి దిగిపోతాం. నడిచేవాళ్ళకి వీపు మీద ఒకే పెద్ద సంచి ఉంటుంది, ఏ ఆకారంలో ఉన్న వస్తువైనా అందులో దూరుతుంది. మనవి మూడు ఇరుకు గొట్టాలు. అందుకే సైకిల్ మీద ముందు చూడాల్సింది వస్తువు ఎంత చిన్నదిగా నలుగుతుంది, మడిస్తే ఎంత పొడవుంటుంది అనేవి. బరువు లెక్క ఆ తర్వాతే.

మీ టెంట్ కర్రలు మడిస్తే ఎంత పొడవో కొలిచి చెప్పండి. మామూలు టెంట్‌లకి మూరెడు ఉంటాయి. వంపు తిరిగిన డ్రాప్ బార్ మధ్య అంత పొడవు పట్టదు, బ్రేక్ లీవర్లకి తగులుతాయి. సైకిల్ కోసం చేసిన టెంట్‌లకి కర్రలు 30 సెంటీమీటర్ల దగ్గర మడతపడతాయి. టెంట్ నచ్చి, కర్రలే పొడవైతే వాటిని విడిగా తీసి ఫ్రేమ్ పై గొట్టం వెంబడి కట్టేయొచ్చు. ఆ పని నేనూ చాలాకాలం చేశాను. కర్ర రాసుకునే చోట ఫ్రేమ్‌కి టేప్ వెయ్యాలి, లేదంటే ఒక్క ట్రిప్పులోనే పెయింట్ లేచిపోతుంది.

ఏ బ్యాగ్‌లో ఏది అనేదానికి నేను పాటించేది ఇది. బరువైనవి, అంటే పనిముట్లు, నీళ్ళు, తిండి, గ్యాస్, ఫ్రేమ్ బ్యాగ్‌లో, వీలైనంత కిందకి. తేలికగా, ఉబ్బుగా ఉండేవి హ్యాండిల్‌బార్ మీద. సీట్ ప్యాక్‌లో బట్టలు, వాటిలోనూ బరువైనవి సీటు కమ్మీ వైపుకి. చాలామంది తిరగేసి సర్దుతారు. వెనక కొసన గిన్నె, గ్యాస్ పెట్టేసరికి నిలబడి తొక్కినప్పుడల్లా సీట్ ప్యాక్ తోకలా ఊగుతుంది. ఆ ఊపుకి పట్టీలు వదులవుతాయి, సంచి జారి టైరుకి తగులుతుంది.

#4 గాలివాటం

నా సలహా వేరు. టెంట్ అన్నదే మర్చిపోండి. స్లీపింగ్ బ్యాగ్ మీద తొడిగే బివీ సంచి ఒకటి, పైన కప్పులా కట్టే చిన్న టార్ప్ గుడ్డ ఒకటి చాలు. రెండూ కలిపి నావి 560 గ్రాములు, రెండు పిడికిళ్ళంత చోటు. టార్ప్‌కి ఒక కొస చెట్టుకి కడతాను, చెట్టు లేకపోతే సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి చక్రానికి కడతాను. ఆరేళ్ళుగా ఇదే నా ఇల్లు.

1884లో థామస్ స్టీవెన్స్ ఎత్తు చక్రం సైకిల్ మీద ప్రపంచం చుట్టడానికి బయలుదేరినప్పుడు హ్యాండిల్‌బార్ సంచిలో పెట్టుకున్నవి సాక్సులు, ఒక చొక్కా, ఒక రెయిన్‌కోటు, ఒక రివాల్వర్. ఆ రెయిన్‌కోటే టెంటు, అదే పక్క. నాకు ఎప్పుడు సామాను ఎక్కువైందనిపించినా ఆయన్నే తలుచుకుంటాను.

#5 మంచుబాట

గాలివాటం గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ మొదటిసారి 4 రాత్రులు, అదీ వానలో ఉండబోయే మనిషికి బివీ చెప్పకండి. బివీలో పడుకుంటే రాత్రంతా మన ఊపిరిలోని తేమ ఆ గుడ్డకి పట్టి లోపల చెమ్మ చేరుతుంది. ఒక రాత్రికి ఫరవాలేదు. రెండో రాత్రి స్లీపింగ్ బ్యాగ్ తేమగా, మూడో రాత్రి తడిగా ఉంటుంది. మధ్యలో ఎండలో ఆరబెట్టే వీలు దొరకకపోతే నాలుగో రాత్రి ఏమవుతుందో నేను ఒకసారి చూశాను. తెల్లవారుజామున 3 గంటలకి లేచి, ఒళ్ళు వేడెక్కడానికి చీకట్లో తొక్కుతూ కూర్చున్నాను. వాన పడుతుంటే బట్టలు మార్చుకోవడం, సామాను సర్దుకోవడం, కాసేపు కూర్చోవడం ఇవేవీ బివీలో కుదరవు.

తొలిమలుపు గారూ, రెండు పొరలున్న ఒంటరి టెంట్ 1.2 నుంచి 1.4 కిలోల్లో దొరుకుతుంది. లోపలి జాలీకీ బయటి గుడ్డకీ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి చెమ్మ పట్టినా మీకు తగలదు. మేకులు దిగని రాతినేల మీద కూడా వేసుకోవాలనుకుంటే తన కాళ్ళ మీద తాను నిలబడే రకం చూడండి. నడక కర్రలతో నిలబెట్టే టెంట్‌లు తేలికే. కానీ సైకిల్ మీద ఆ కర్రలు మనం తీసుకెళ్ళం, విడిగా కర్ర కొనాలి, అప్పుడు తేడా చాలా తగ్గిపోతుంది.

ఇంకొకటి. వానలో వేసేటప్పుడు లోపలి పొర ముందు నిలబెట్టాల్సిన టెంట్ అయితే, పై గుడ్డ కప్పేలోపే లోపలంతా తడుస్తుంది. పై గుడ్డ ముందు వేసే రకమా, రెండూ కలిపి ఒకేసారి లేచే రకమా అని కొనేముందు చూసుకోండి.

#6 గాలివాటం

మంచుబాట గారి మాట ఒప్పుకుంటాను, నాలుగు రాత్రుల వానలో నేనూ టార్ప్‌ని నేల దాకా దించేసి పడుకుంటాను. అయితే చెమ్మ సగం మనం ఎంచుకునే చోటుని బట్టే ఉంటుంది. లోయ అడుగున, నీటి ఒడ్డున చల్లగాలి దిగి ఆగుతుంది. అక్కడ ఏ టెంట్ వేసినా పొద్దున్నే కారుతుంది. కొంచెం మెరక మీద, చెట్ల కింద వేస్తే అదే టెంట్ పొడిగా ఉంటుంది. ఈ తెలివికి బరువు లేదు.

#7 కుట్టుపని

నేను టెంట్‌లు, బ్యాగులు సొంతంగా కుట్టుకుంటాను కాబట్టి గుడ్డ గురించి నాలుగు మాటలు.

వివరాల్లో 20డి, 15డి అని రాస్తారు. అది డెనియర్. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. తగ్గేకొద్దీ గుడ్డ తేలిక, తగ్గేకొద్దీ జాగ్రత్త. టెంట్ అడుగుకి 10డి వాడితే ముళ్ళున్న నేల మీద కింద పరవడానికి ఇంకో పలుచటి గుడ్డ తప్పనిసరి, అప్పుడు మిగిలిన బరువు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

సిలికాన్ పూసిన నైలాన్ గట్టిది, పిడికెడంత అవుతుంది. కానీ నీళ్ళు పీల్చి సాగుతుంది. సాయంత్రం బిగించి కట్టిన టెంట్ అర్ధరాత్రి వానకి వేలాడుతుంది, లేచి తాళ్ళు మళ్ళీ లాగాలి. పాలిస్టర్ అంతగా సాగదు, ఎండకీ ఎక్కువ కాలం ఆగుతుంది. ఈమధ్య నేను పాలిస్టర్‌కే మారాను, వాన రాత్రి నిద్రలో లేవక్కర్లేదన్న ఒక్క కారణంతో.

డైనీమా గుడ్డ మీద అందరికీ మోజు. నీళ్ళు పీల్చదు, సాగదు, చాలా తేలిక. కానీ పాతచక్రం గారు చెప్పిన చోటు లెక్కలో అది ఓడిపోతుంది. కుక్కితే చిన్నదవదు, చుట్టాల్సిందే. పైగా హ్యాండిల్‌బార్ మీద కుదుపులకి ఒకే మడత దగ్గర రాసుకుని చిల్లులు పడడం నేను రెండు సార్లు చూశాను.

#8 తొలిమలుపు

చాలా విషయాలు తెలిశాయి, థాంక్యూ. కర్రలు కొలిచాను, 48 సెంటీమీటర్లు. టెంట్ మార్చక తప్పదనిపిస్తోంది. స్లీపింగ్ బ్యాగ్ సంగతి చెప్పండి. నా బ్యాగ్ మీద సున్నా డిగ్రీలు అని పెద్ద అక్షరాలతో ఉంది. కానీ పోయినసారి 7 డిగ్రీలకే వణికాను. నాకు చలి తొందరగా పడుతుంది, అందుకేనా?

#9 మంచుబాట

కాదండీ, అంకెని చదవడంలో ఉంది చిక్కంతా. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగ్‌కి మూడు అంకెలుంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. కంఫర్ట్ ఒక సగటు ఆడమనిషి హాయిగా పడుకోగల ఉష్ణోగ్రత. లిమిట్ ఒక సగటు మగమనిషి ముడుచుకుని, వణుకు రాకుండా రాత్రి గడపగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణాలతో బయటపడే హద్దు, దాన్ని చూసి ఎవరూ కొనకూడదు. బ్యాగ్ మీద పెద్దగా అచ్చువేసేది చాలాసార్లు లిమిట్ అంకే. లోపల కుట్టిన చిన్న పట్టీ వెతకండి, కంఫర్ట్ అంకె అక్కడ ఉంటుంది. మీ ట్రిప్‌కి కంఫర్ట్ సున్నా ఉన్నది తీసుకుంటే 5 డిగ్రీల రాత్రి ధైర్యంగా పడుకోవచ్చు.

రెండోది, మీ కింద ప్యాడ్ ఏంటి? బ్యాగ్‌లో మన వీపు కింద పడ్డ భాగం నలిగి, దానిలో గాలి ఉండదు. గాలి లేకపోతే వెచ్చదనం ఇవ్వదు. కింద నుంచి వచ్చే చలిని ఆపాల్సింది ప్యాడే.

#10 పాతచక్రం

ప్యాడ్ మాట వచ్చింది కాబట్టి. ఆర్ వాల్యూ అనే అంకె చూడండి, ప్యాడ్ కింది చలిని ఎంత ఆపుతుందో చెప్పేది అదే, పెరిగేకొద్దీ వెచ్చన. 2020 నుంచి చాలా కంపెనీలు ఎఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఒకే పద్ధతిలో కొలుస్తున్నాయి, అందుకే ఇప్పుడు రెండు వేరు కంపెనీల అంకెలని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. 5 డిగ్రీల రాత్రులకి నేనైతే 3 కంటే తక్కువ తీసుకోను. ఇందులో మంచి సంగతి ఏంటంటే ఈ అంకెలు కూడుకుంటాయి. 2 ఉన్న ఫోమ్ మీద 2 ఉన్న గాలి ప్యాడ్ వేస్తే 4 అవుతుంది.

ఫోమ్ ప్యాడ్ చిల్లు పడదు, కానీ చుట్టినా బండెడు చోటు. సైకిల్‌కి గాలి ప్యాడే దారి, దాంతో పాటు అతుకులు వేసే సామాను తప్పనిసరి.

#11 చిన్నగేరు

క్విల్ట్ గురించి ఎవరూ చెప్పలేదేం? వీపు కింద నలిగే భాగం ఎలాగూ పనికిరాదు కదా, దాన్ని తీసేసి దుప్పటిలా కుట్టిందే క్విల్ట్. నాది బాతు నూగుతో చేసింది, 620 గ్రాములు, అర లీటరు సీసాలు మూడు పక్కన పెట్టినంత చోటు. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి మాత్రం గాలి దూరుతుంది, ప్యాడ్‌కి కట్టే ఎలాస్టిక్ పట్టీలు వాడాలి. తడిస్తే నూగు ముద్దయిపోతుంది, ఉబ్బు పోయాక అది ఉత్త గుడ్డే. నేను రెండు వాటర్‌ప్రూఫ్ సంచుల్లో పెడతాను.

#12 నిప్పుకణిక

స్టవ్ గురించి నేను రాస్తాను. 750 గ్రాములు ఎక్కువే. మీ గ్యాస్ డబ్బా పెద్ద సైజుది అయ్యుంటుంది. గాలి లేనప్పుడు అర లీటరు నీళ్ళు మరగడానికి సుమారు 7, 8 గ్రాముల గ్యాస్ పడుతుంది. రోజుకి రెండుసార్లు కాస్తే 4 రాత్రులకి, అంటే 5 రోజులకి, 70 గ్రాముల పైచిలుకు. 100 గ్రాముల చిన్న డబ్బా చాలు. డబ్బాని బయలుదేరే ముందు తూచి, ఆ అంకె దాని మీదే మార్కర్‌తో రాసుకోండి.

చలిలో మామూలు బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 దాకా పనిచేస్తుంది. డబ్బా మీద ఏం కలిపారో చదవండి. డబ్బా మీద కూర్చునే స్టవ్ చుట్టూ రేకు గాలితెర పూర్తిగా చుట్టకండి, డబ్బా వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. టెంట్ లోపల ఏ స్టవ్వూ వెలిగించకండి. మంట ఒక్కటే భయం కాదు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

స్పిరిట్ స్టవ్ ఇంకా తేలిక, కానీ దాని మంట పగటి వెలుగులో కనబడదు, ఇంధనం గ్యాస్‌కి రెట్టింపు మోయాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పను.

#13 తొలిమలుపు

రెండు వారాల తర్వాత వస్తున్నాను. ఇంటికి దగ్గర్లోనే ఒక రాత్రి బయట పడుకుని చూశాను. రాత్రి 8 డిగ్రీలు.

టెంట్ మార్చాను. వాడినదే, ఒక స్నేహితురాలి దగ్గర తీసుకున్నాను, 1.25 కిలోలు, కర్రలు 31 సెంటీమీటర్లు. హ్యాండిల్‌బార్ మధ్య సరిగ్గా పట్టింది. కుర్చీ ఇంట్లో వదిలేశాను. స్లీపింగ్ బ్యాగ్ బదులు క్విల్ట్ తెచ్చుకున్నాను, కంఫర్ట్ 1 డిగ్రీ, 620 గ్రాములు.

ఒక్క చోట మాత్రం మీ మాట వినలేదు. 900 గ్రాముల ప్యాడ్ తీసేసి, 340 గ్రాములదీ పిడికెడంతదీ ఒక గాలి ప్యాడ్ కొన్నాను. ఆర్ వాల్యూ 1.3. బరువు చూసి ఆశపడ్డాను. రాత్రి 2 గంటలకి మెలకువ వచ్చింది. పైన క్విల్ట్ వెచ్చగానే ఉంది, కింద నడుము దగ్గర మాత్రం తడి బండ మీద పడుకున్నట్టుంది. రెయిన్‌కోటు, మిగిలిన బట్టలు, ఖాళీ చేసిన ఫ్రేమ్ బ్యాగ్ అన్నీ వీపు కింద పరుచుకున్నాను. మళ్ళీ నిద్ర పట్టలేదు. మర్నాడు తిరుగు దారిలో 30 కిలోమీటర్లే, అయినా కాళ్ళు లేవలేదు.

#14 పాతచక్రం

ఇంటి దగ్గరే తెలిసింది, ఎంతో నయం. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు గానీ చలి దగ్గర ఆ మాట నిలబడదు, ఎంత అలసిపోయినా కింద చల్లగా ఉంటే కన్ను మూతపడదు. నిద్ర లేని మర్నాడు మిగిల్చుకున్న ఆ 560 గ్రాములు కాళ్ళకి తెలియనే తెలియవు. కొత్తవాళ్ళెవరు అడిగినా నేను తగ్గించమని చెప్పే వరసలో ప్యాడ్ చిట్టచివర ఉంటుంది. ముందు బట్టలు, తర్వాత చిల్లర సామాను, తర్వాత టెంట్.

450 గ్రాముల దగ్గర ఆర్ 3 పైన ఉన్న ప్యాడ్‌లు దొరుకుతాయి, అవీ చిన్నవిగానే మడతపడతాయి. 340దాన్ని ఎండాకాలానికి ఉంచుకోండి.

#15 మంచుబాట

బట్టల సంగతి నేనూ చెబుదామనుకున్నాను. 1.6 కిలోల్లో ఏమున్నాయి? తొక్కేటప్పుడు ఒక జత, పడుకునేటప్పుడు ఒక పొడి జత. ఆ పొడి జతని ఎంత వానొచ్చినా పగలు తొడగకూడదు. ఒక వెచ్చని జాకెట్, ఒక రెయిన్‌కోటు. నాలుగు రోజులకి అంతకుమించి అవసరం ఉండదు. జాకెట్‌నే సంచిలో కుక్కి దిండుగా పెట్టుకోవచ్చు.

ఒక ప్రశ్న. ఫిల్టర్ ఏ రకం?

#16 తొలిమలుపు

సన్నటి గొట్టాలున్న రకం, రంధ్రాల సైజు 0.1 మైక్రాన్ అని ఉంది. బట్టల్లో మూడో టీషర్టు, జీన్స్ ఉన్నాయి. జీన్స్ ఒక్కటే 540 గ్రాములు, ఇప్పుడే తీసేశాను.

#17 మంచుబాట

అయితే ఒక జాగ్రత్త. వాడిన ఫిల్టర్‌లో నీళ్ళు మిగిలే ఉంటాయి. ఒక్కసారి గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లుతాయి, బయటికి ఏమీ కనబడదు, నీళ్ళూ ఎప్పటిలాగే వస్తాయి. 5 డిగ్రీలు అనుకున్న చోట తెల్లవారుజామున ఇంకా దిగొచ్చు, అందుకే రాత్రి ఫిల్టర్‌ని జిప్ సంచిలో పెట్టి క్విల్ట్‌లో మీ పక్కనే పడుకోబెట్టండి. ఇంకొకటి, 0.1 మైక్రాన్ బాక్టీరియాని ఆపుతుంది, వైరస్‌లని ఆపదు. మనుషులు, పశువులు తిరిగే చోట నీళ్ళు తీసుకుంటే మరిగించండి, లేదా క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు కూడా వాడండి.

#18 కుట్టుపని

హ్యాండిల్‌బార్ రోల్ కట్టాక బ్రేక్, గేర్ కేబుళ్ళు నలగడం లేదు కదా? హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. రోల్‌కీ ముందు చక్రానికీ మధ్య కనీసం బెత్తెడు ఖాళీ ఉండాలి. సస్పెన్షన్ ఫోర్క్ అయితే అది పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఎంత మిగులుతుందో చూసుకోవాలి. ఫోర్క్‌కి పక్కన సామాను పట్టే కేజ్‌లు బిగించి బరువు పెట్టే ఆలోచన ఉంటే మీ ఫోర్క్ ఎంత మొయ్యగలదో తయారీదారు రాసింది చదవకుండా పెట్టకండి.

#19 తొలిమలుపు

వెళ్ళొచ్చాను! నాలుగు రాత్రులూ బయటే.

చివరి లెక్క: టెంట్ 1.25, క్విల్ట్ 620 గ్రాములు, కొత్త ప్యాడ్ 450, స్టవ్ సామాను 380, బట్టలు 1.1 కిలోలు, పనిముట్లు 750 గ్రాములు, కరెంటు సామాను 450, ఫిల్టర్, మందులు 150, కూర్చోవడానికి ఒక ఫోమ్ ముక్క 40. మొత్తం 5.19 కిలోలు. ఆఖరి రోజున కూడా బ్యాగులు మొదటిసారికే మూతపడ్డాయి.

మొదటి రెండు రాత్రులు నిద్ర బాగా పట్టింది. మూడో రాత్రి చాలా వాన. పొద్దున్నే టెంట్ తడిసి మోపెడైంది, దులిపి చుట్టినా చాలా బరువుగా ఉంది. లోపలి పొర పొడిగా ఉంది కాబట్టి దాన్ని విడదీసి లోపల పెట్టాను, తడి గుడ్డని మాత్రం రోల్ బయట పట్టీల కింద కట్టాను. మధ్యాహ్నం ఎండ వచ్చిన అరగంటలో సైకిల్ మీద పరిచి ఆరబెట్టేశాను. గాలివాటం గారూ, రెండో రాత్రి నీటి ఒడ్డున వేద్దామనుకుని మీ మాట గుర్తొచ్చి కొంచెం పైకి చెట్ల కిందకి మార్చాను. పొద్దున్నే కింద గడ్డంతా మంచుతో తెల్లగా ఉంది, నా టెంట్ పొడిగా ఉంది.

వాడకుండా తిరిగొచ్చినవి రెండే, రెండో లైటు, అదనపు సాక్సులు.

#20 గాలివాటం

చాలా సంతోషం. సాక్సులు మాత్రం తీసెయ్యకండి.

#21 చిన్నగేరు

అక్కా, కర్రలు చివరికి ఎక్కడ పెట్టారు? నావి 36 సెంటీమీటర్లు, డ్రాప్ బార్‌లో ఒక వేలు వెడల్పు తేడాతో పట్టడం లేదు.

#22 తొలిమలుపు

రోల్ లోపల టెంట్ గుడ్డ మధ్యలో పెట్టి చుట్టాను. నీకు పట్టకపోతే ఫ్రేమ్ బ్యాగ్‌లో ఏటవాలుగా పెట్టి చూడు, కింద మూల నుంచి పై మూలకి. నా మధ్యరకం ఫ్రేమ్‌లో అలా 40 దాకా పట్టింది. కొసలకి పాత సాక్సు తొడుగు, లేకపోతే లోపలి జిప్‌ని కోసేస్తాయి.